కార్డు మీద గీత, రక్తంలో వైరస్: హెపటైటిస్ సి పరీక్షలపై పాఠకుల ప్రశ్నలు

జులై 28 ప్రపంచ హెపటైటిస్ దినం. ఆ సందర్భంగా హెపటైటిస్ సి గురించి ప్రశ్నలు పంపమని కోరినప్పుడు మందుల గురించి, పథ్యం గురించి ఎక్కువగా అడుగుతారని అనుకున్నాను. వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ల్యాబ్ రిపోర్టుల గురించే ఉన్నాయి. ఒక చోట ఉందన్నారు, మరొక చోట లేదన్నారు, జబ్బు నయమైందన్నారు కానీ రిపోర్టులో ఇంకా పాజిటివ్ అనే వస్తోంది అన్న మాటలే ఊరు మారినా మళ్లీ మళ్లీ కనిపించాయి. మైక్రోబయాలజీ ల్యాబులో పనిచేసే వైద్యురాలిగా ఈ అయోమయం నాకు రోజూ ఎదురయ్యేదే కాబట్టి, ఈసారి శీర్షికను పూర్తిగా పరీక్షలకే కేటాయిస్తున్నాను. రాసినవారి పేర్లు లేకుండా ఊళ్లు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: మా అమ్మగారి వయసు 58. పిత్తాశయంలో రాళ్లకు ఆపరేషన్ నిర్ణయించారు. ముందురోజు చేసిన రక్తపరీక్షల్లో హెపటైటిస్ సి కార్డు టెస్టు పాజిటివ్ వచ్చిందని ఆపరేషన్ వాయిదా వేశారు. వేరే ల్యాబులో చేయిస్తే నెగెటివ్ అన్నారు. అమ్మ రెండు రోజులుగా సరిగా అన్నం తినడం లేదు, తన కంచం, గ్లాసు వేరుగా పెట్టుకుంటోంది. ఏ రిపోర్టును నమ్మాలి? (రాజమహేంద్రవరం)

సమాధానం: ముందుగా అమ్మగారి కంచం, గ్లాసు తిరిగి అందరి పాత్రల మధ్యకు చేర్చండి. హెపటైటిస్ సి కాలేయాన్ని దెబ్బతీసే, రక్తం ద్వారా వ్యాపించే వైరస్. కలిసి తినడం వల్ల, ఒకే గ్లాసులో నీళ్లు తాగడం వల్ల, పక్కన పడుకోవడం వల్ల, మనవలను ఎత్తుకోవడం వల్ల అది రాదు. వైరస్ నిజంగా ఉన్నా కూడా ఈ మాట మారదు.

ఇక కార్డు సంగతి. అరచేతిలో పట్టే ఆ ప్లాస్టిక్ పలక మీద ‘సి’, ‘టి’ అనే రెండు అక్షరాలు ఉంటాయి. ‘సి’ దగ్గర గీత చూసి అది హెపటైటిస్ సి అనుకుని హడలిపోయిన వారిని నేను స్వయంగా చూశాను. ఆ అక్షరానికి అర్థం కంట్రోల్, అంటే కార్డు సరిగా పనిచేసిందని చెప్పే గుర్తు మాత్రమే. ఫలితం చెప్పేది ‘టి’ దగ్గర పడే గీత. కొన్ని కంపెనీల కార్డుల్లో గీతలకు బదులు చుక్కలు ఉంటాయి. రక్తంలో హెపటైటిస్ సి వైరస్‌కు ఎదురుగా శరీరం తయారుచేసుకున్న యాంటీబాడీలు ఉంటే అక్కడ రంగు తేలుతుంది. కిట్టు తయారీదారు చెప్పిన నిమిషాల్లోపల చదవవలసిన ఈ కార్డును పనుల ఒత్తిడిలో పక్కన పెట్టి గంట తరువాత చూస్తే, ఆరిపోతున్న కార్డు మీద లేని గీత లీలగా తేలే అవకాశం ఉంది. అందుచేత ఎంతసేపటికి చదివారన్నది కూడా ఫలితంలో భాగమే.

అయితే అన్నీ సవ్యంగా చేసినా ఒక చిక్కు మిగులుతుంది, దాన్ని లెక్కతో చెబితేనే తేలికగా అర్థమవుతుంది. ఉదాహరణకు ఒక పట్టణంలో ఆపరేషన్ల కోసం వచ్చిన 1000 మందిలో నిజంగా యాంటీబాడీలు ఉన్నవారు 5 మందే అనుకుందాం. మన కార్డు ఆ 5 మందినీ పట్టుకుంటుంది, మిగతా 995 మందిలో నూటికి 99 మందికి సరిగ్గా నెగెటివ్ అని చెబుతుంది అనుకుందాం. వినడానికి చాలా మంచి పరీక్ష. కానీ ఆ మిగిలిన ఒక్క శాతం అంటే సుమారు 10 మంది. మొత్తం 15 మందికి పాజిటివ్ వస్తే అందులో 10 మందికి అసలు వైరస్‌తో సంబంధమే లేదు. అదే కార్డును 1000 మందిలో 100 మందికి యాంటీబాడీలు ఉన్న బృందంలో వాడితే 109 పాజిటివ్‌లలో 100 నిజమైనవే. కార్డు ఒకటే అయినా, ఎవరికి చేశామన్నదాన్ని బట్టి దాని మాటకు విలువ మారిపోతుంది. ఏ ప్రత్యేక కారణమూ లేకుండా, ఆపరేషన్‌కు ముందు అందరికీ చేసే పరీక్షలో మీ అమ్మగారికి పాజిటివ్ వచ్చింది కాబట్టి ఈ లెక్క ఆమెకు బాగా వర్తిస్తుంది.

అందువల్ల యాంటీబాడీ పాజిటివ్ అన్న మాటకు మూడు అర్థాలు ఉండవచ్చు. వైరస్ ఇప్పుడు రక్తంలో ఉండవచ్చు. ఎప్పుడో సోకి, మందులు లేకుండానే పోయి, యాంటీబాడీలు మాత్రమే మిగిలి ఉండవచ్చు. సోకినవారిలో నూటికి 15 నుంచి 45 మందిలో తొలి 6 నెలల్లోపే వైరస్ తనంతట తాను తొలగిపోతుంది. లేదా పైన చెప్పిన లెక్కలోలాగా అది తప్పుడు పాజిటివ్ కావచ్చు. ఈ మూడింటినీ విడదీయడం మరో కార్డు వల్ల గాని, మరో యాంటీబాడీ పరీక్ష వల్ల గాని కాదు. వేర్వేరు కంపెనీల కిట్లలో వాడే వైరస్ ప్రోటీన్లు వేర్వేరుగా ఉంటాయి కనుక రెండు ల్యాబులు రెండు మాటలు చెప్పడం వింత కాదు. మూడో ల్యాబుకు వెళ్లి, ఇద్దరు చెప్పినదే నిజమని తేల్చుకోవడం సరైన పద్ధతి కాదు.

చేయించవలసినది హెపటైటిస్ సి ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. పీసీఆర్ అన్నా, వైరల్ లోడ్ అన్నా ఇక్కడ అదే. అది యాంటీబాడీని కాక వైరస్ జన్యుపదార్థాన్నే వెతుకుతుంది. ఊదారంగు మూత ఉన్న ట్యూబులో తీసిన రక్తం నుంచి అదే రోజు ప్లాస్మా వేరుచేసి చల్లగా ఉంచారా అని అడిగే హక్కు మీకుంది. ఆర్‌ఎన్‌ఏ సున్నితమైనది, ఎండలో మోటారు సైకిలు మీద తిరిగిన నమూనాలో అది కొంత పాడైపోగలదు. ఆర్‌ఎన్‌ఏ లేదని వస్తే అమ్మగారికి ఇప్పుడు హెపటైటిస్ సి లేదు. ఇటీవలి నెలల్లో సోకే సందర్భం ఏదైనా ఉన్నదనుకుంటే మాత్రం కొంతకాలం తరువాత మరొకసారి చేయించాలి. ఉందని వస్తే 12 వారాల మాత్రలతో నయమయ్యే జబ్బు అది.

ఆపరేషన్ విషయంలో నా మాట స్పష్టంగా చెబుతాను. చేతి తొడుగులు, కళ్లద్దాలు, పరికరాల శుద్ధి వంటి జాగ్రత్తలు ప్రతి రోగికీ ఒకేలా తీసుకోవలసినవి. కార్డు నెగెటివ్ వచ్చిన రోగిలోనూ, యాంటీబాడీలు ఇంకా తయారుకాని తొలి వారాల వైరస్ ఉండే అవకాశం ఉంటుంది కదా. కాబట్టి కాలేయం పనితీరు బాగుంటే, ఒక్క కార్డు గీత చూసి అవసరమైన ఆపరేషన్‌ను నిరాకరించడం న్యాయం కాదు.

ప్రశ్న: నాకు 2022లో హెపటైటిస్ సి ఉన్నట్టు తేలింది. మూడు నెలలు మందులు వాడాను, నయమైందని డాక్టరు చెప్పారు. ఇప్పుడు గల్ఫ్‌కు వెళ్లేందుకు మెడికల్ చేయిస్తే మళ్లీ పాజిటివ్ వచ్చింది. జబ్బు తిరగబెట్టిందా? (జగిత్యాల)

సమాధానం: తిరగబెట్టిందని ఈ రిపోర్టు చెప్పడం లేదు. గల్ఫ్ వీసా వైద్యపరీక్షల్లో తొలుత చూసేది యాంటీబాడీనే. గాయం మానిన తరువాత మచ్చ మిగిలినట్టు, వైరస్ పూర్తిగా పోయిన తరువాత కూడా యాంటీబాడీలు చాలామందిలో ఏళ్ల తరబడి, తరచుగా జీవితాంతం నిలిచి ఉంటాయి. నయమైనవారికి యాంటీబాడీ పరీక్ష మళ్లీ చేయడం వల్ల కొత్తగా తెలిసేదేమీ లేదు.

మీకు పనికివచ్చే కాగితం మరొకటి. మందులు ఆపిన 12 వారాలకు చేసిన ఆర్‌ఎన్‌ఏ పరీక్షలో వైరస్ కనిపించకపోతే వైద్యశాస్త్రం దానినే నయం కావడంగా పరిగణిస్తుంది. ఆ రిపోర్టు మీ దగ్గర ఉందా? చాలామంది మందులు అయిపోయిన రోజుతోనే ఆసుపత్రి ముఖం చూడడం మానేస్తారు, ఈ పరీక్ష చేయించరు. మీరూ చేయించకపోయి ఉంటే ఇప్పుడు చేయించండి. చేయించి ఉంటే ఆ రిపోర్టు, మందుల చీటీ, ఈ నెలలో తాజాగా చేసిన ఆర్‌ఎన్‌ఏ రిపోర్టు, చికిత్స చేసిన డాక్టరు సంతకంతో ఒక లేఖ కలిపి మెడికల్ కేంద్రంలో చూపండి. వీసా నిర్ణయం ఆ దేశపు నిబంధనలను బట్టి ఉంటుంది, దాని మీద నేను హామీ ఇవ్వలేను. కానీ ‘అన్‌ఫిట్’ అన్న ముద్ర చూసి జబ్బు తిరిగి వచ్చిందనుకుని మళ్లీ మందులు కొనుక్కోవద్దు, ఏజెంటు చెప్పాడని యాంటీబాడీని ‘కడిగేసే’ పసర్లు తాగవద్దు. యాంటీబాడీని తొలగించే మందు లేదు, తొలగించవలసిన అవసరమూ లేదు.

ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పాలి. ఒకసారి నయమైనంత మాత్రాన మళ్లీ సోకకుండా రక్షణ రాదు, ఈ వైరస్‌కు టీకా కూడా లేదు. ఇతరులు వాడిన సూదులు, బ్లేళ్లు, పచ్చబొట్టు సూదుల విషయంలో మీరు ఇకముందు కూడా జాగ్రత్తగానే ఉండాలి.

ప్రశ్న: నేను ఎమ్మెల్టీ (ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు) విద్యార్థిని. మా పాఠ్యపుస్తకంలో ఎలైజా, రీబా, పీసీఆర్ అని వరుసగా ఉన్నాయి కానీ మా ల్యాబులో రీబా ఎక్కడా లేదు. హెపటైటిస్ సి స్క్రీనింగ్ పద్ధతులు ఎలా మారుతూ వచ్చాయో వివరించగలరా? (గుంటూరు)

సమాధానం: మంచి ప్రశ్న, కాస్త విస్తారంగానే చెబుతాను.

1970లలో రక్తం ఎక్కించుకున్నవారికి కామెర్లు వస్తే అది హెపటైటిస్ ఏ కాదు, బి కాదు అని మాత్రమే చెప్పగలిగేవారు. అమెరికాలో హార్వీ ఆల్టర్ బృందం అలాంటి రోగుల నమూనాలను ఏళ్ల తరబడి భద్రపరుస్తూ వచ్చింది. ఆ జబ్బుకు ‘నాన్ ఏ, నాన్ బి’ అన్న పేరే ఉండేది. 1989లో మైకేల్ హౌటన్, క్వీ లిమ్ చూ, జార్జ్ కువో, డేనియల్ బ్రాడ్లీ తదితరులు ఈ వైరస్‌ను గుర్తించిన తీరు ల్యాబులో పనిచేసేవారందరూ తెలుసుకోదగినది. వారు వైరస్‌ను సూక్ష్మదర్శినిలో చూడలేదు, పెంచి పట్టుకోలేదు. వ్యాధి సోకిన చింపాంజీ రక్తంలోని జన్యుపదార్థపు ముక్కలను బ్యాక్టీరియాలో ఉంచి, అవి తయారుచేసిన ప్రోటీన్లలో దేనికి రోగి సీరంలోని యాంటీబాడీ అంటుకుంటుందో వెతికారు. అంటే యాంటీబాడీనే వలగా వేసి వైరస్‌ను పట్టారు. 2020లో ఆల్టర్, హౌటన్, చార్లెస్ రైస్‌లకు నోబెల్ బహుమతి వచ్చింది.

ఆ అంటుకున్న ప్రోటీను ముక్కతోనే 1990లో తొలి తరం ఎలైజా, అంటే రక్తంలో యాంటీబాడీని వెతికే ల్యాబు పరీక్ష, వచ్చింది. ఒకే ఒక భాగాన్ని చూసే పరీక్ష కాబట్టి చాలా కేసులు తప్పిపోయేవి, సోకిన తరువాత సగటున 16 వారాలకు గాని అది పట్టుకునేది కాదు. 1992లో వచ్చిన రెండో తరం మరిన్ని వైరస్ ప్రోటీన్లను కలుపుకుని ఆ వ్యవధిని సుమారు 10 వారాలకు తగ్గించింది. 1990ల మధ్యలో మూడో తరం వచ్చింది. ఇప్పుడు మీ ల్యాబులోని ఎలైజాలకు గాని, పెద్ద ల్యాబుల్లో క్లియా అని పిలిచే కాంతి ఆధారిత యంత్రాలకు గాని పునాది అదే. ఈనాటి పరీక్షలకు కూడా యాంటీబాడీ దొరకడానికి సాధారణంగా 8 నుంచి 11 వారాలు పడుతుంది, ఆర్‌ఎన్‌ఏ మాత్రం సోకిన వారం రెండు వారాల్లోనే కనిపిస్తుంది.

ఇక రీబా. ఎలైజా తప్పుడు పాజిటివ్‌లను వేరుచేయడానికి, సన్నటి పట్టీ మీద వైరస్ ప్రోటీన్లను విడివిడి గీతలుగా అమర్చి, ఏయే గీత మీద రంగు తేలిందో చూసే నిర్ధారణ పరీక్ష అది. చాలా కాలం నమ్మకంగా వాడారు. కానీ అది కూడా యాంటీబాడీ నిజమైనదా కాదా అని మాత్రమే చెప్పేది, వైరస్ ఇప్పుడు ఉందా లేదా అన్నది చెప్పేది కాదు. రోగికీ డాక్టరుకూ కావలసింది ఆ రెండో ప్రశ్నకు జవాబు. అందువల్లనే ఆర్‌ఎన్‌ఏ పరీక్షలు అందుబాటులోకి వచ్చాక రీబా తయారీయే ఆగిపోయింది, 2013లో అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ యాంటీబాడీ పాజిటివ్ తరువాత నేరుగా ఆర్‌ఎన్‌ఏ పరీక్షకే వెళ్లాలని మార్గదర్శకాలు మార్చింది. మీ పుస్తకం ఆ మార్పుకు ముందు రాసినది అయి ఉంటుంది.

నా దృష్టిలో ఆ తరువాత వచ్చిన మార్పే అన్నిటికంటే ముఖ్యమైనది, అది రసాయనాలకు కాక పని జరిగే తీరుకు సంబంధించినది. యాంటీబాడీ పాజిటివ్ రిపోర్టు చేతికిచ్చి, ‘వైరల్ లోడ్ చేయించుకురండి’ అని పంపితే ఏమవుతుందో మీరు ఏ ల్యాబు కౌంటరు దగ్గర నిలబడినా చూడవచ్చు. కూలి పోతుందని కొందరు, డబ్బు లేక కొందరు, భయంతో కొందరు, ఒంట్లో బాగానే ఉంది కదా అని చాలామంది తిరిగి రారు. వైరస్ మాత్రం వారి కాలేయంలో ఏళ్ల తరబడి తన పని తాను చేసుకుపోతుంది. దీనికి విరుగుడుగా వచ్చినదే రిఫ్లెక్స్ పరీక్ష. మొదటిసారి తీసిన రక్తంలోనే ఆర్‌ఎన్‌ఏకు సరిపడా భాగం పక్కన ఉంచి, యాంటీబాడీ పాజిటివ్ రాగానే డాక్టరు కొత్త చీటీ కోసం, రోగి రెండో రాక కోసం ఎదురుచూడకుండా ల్యాబే రెండో పరీక్ష నడిపిస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లోనూ, సీడీసీ 2023లోనూ ఈ పద్ధతినే సూచించాయి. మీరు రేపు ఉద్యోగంలో చేరినప్పుడు, యాంటీబాడీ పరీక్ష కోసం ట్యూబు తెరవకముందే ఆర్‌ఎన్‌ఏ కోసం వేరే ప్లాస్మా భాగం తీసి పెట్టడం అలవాటు చేసుకోండి. ఒక నమూనా నుంచి మరొక నమూనాకు తుంపర చేరినా పీసీఆర్ దానిని పట్టుకుని తప్పుడు ఫలితం ఇస్తుంది.

పీసీఆర్ పెద్ద నగరాల ల్యాబుల నుంచి చిన్న యంత్రాల్లోకి కూడా దిగింది. టీబీ కోసం జిల్లాల్లో పెట్టిన జీన్‌ఎక్స్‌పర్ట్, గోవాలో తయారయ్యే ట్రూనాట్ యంత్రాల్లోనే కార్ట్రిడ్జి గాని, చిప్పు గాని మార్చి హెపటైటిస్ సి ఆర్‌ఎన్‌ఏ చేయవచ్చు. వేలి నుంచి తీసిన రక్తపు చుక్కతో గంట సేపట్లో ఆర్‌ఎన్‌ఏ ఫలితం చెప్పే పరీక్షకు 2024 జూన్‌లో అమెరికాలో అనుమతి వచ్చింది. పీసీఆర్ సౌకర్యం లేని చోట వైరస్ లోపలి కోర్ ప్రోటీనును నేరుగా చూసే కోర్ యాంటీజెన్ పరీక్ష మరొక దారి. వైరస్ మరీ తక్కువగా ఉంటే అది తప్పిపోతుంది కానీ చికిత్స అవసరమైనవారిలో అత్యధికులను పట్టుకుంటుంది. ఇంట్లో ఎవరికి వారు చేసుకునే పరీక్షలను ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సిఫారసు చేసింది.

పద్ధతులన్నీ పక్కన పెట్టి ఒక దేశం ఏమి చేయగలదో చూడాలంటే ఈజిప్టును చూడాలి. అక్కడ 1950ల నుంచి 1980ల వరకు నత్తల ద్వారా వచ్చే షిస్టోసోమియాసిస్ వ్యాధికి ఊరూరా సామూహికంగా ఇంజెక్షన్లు ఇచ్చారు. సరిగా శుద్ధి చేయని సూదులతో హెపటైటిస్ సి దేశమంతా పాకింది. 2018 అక్టోబరు నుంచి 2019 ఏప్రిల్ వరకు సుమారు 5 కోట్ల మంది పెద్దలకు వేలి చుక్క కార్డు పరీక్ష చేసి, పాజిటివ్ వచ్చినవారిని ఆర్‌ఎన్‌ఏ పరీక్షకూ, ఉచిత చికిత్సకూ పంపారు. 2023లో ఈజిప్టు హెపటైటిస్ సి నిర్మూలన దారిలో స్వర్ణ స్థాయికి చేరిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రకటించింది. వాడినది ఆపరేషన్ల ముందు మనం వాడే లాంటి కార్డే. కార్డు తరువాతి మెట్టును కూడా సిద్ధంగా ఉంచుకోవడం వల్లనే అది సాధ్యమైంది.

ప్రశ్న: నేను ఏటా రక్తదానం చేస్తాను. ఈసారి రక్తనిధి నుంచి ఫోన్ చేసి హెపటైటిస్ సి రియాక్టివ్ అన్నారు. నేను ఇచ్చిన రక్తం ఎవరికైనా ఎక్కించారేమోనని నిద్ర పట్టడం లేదు. (ఖమ్మం)

సమాధానం: ఎక్కించలేదు. దానం చేసిన ప్రతి యూనిట్‌కూ హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చేశాకే బయటకు ఇవ్వాలి, రియాక్టివ్ వచ్చిన యూనిట్‌ను పారవేయాలి. రక్తనిధులు తప్పుడు పాజిటివ్‌లు కొన్ని వచ్చినా సరే, ఒక్క నిజమైన కేసు కూడా జారిపోకూడదని కాస్త అనుమానం ఉన్నా పక్కన పెడతాయి. అందుచేత రక్తనిధిలో రియాక్టివ్ అన్న మాట ఇంకా రోగనిర్ధారణ కాదు. మీరు ఏటా ఇస్తున్నారు, గత ఏడాది వరకు నెగెటివ్‌గా ఉన్నారు కాబట్టి తప్పుడు పాజిటివ్ కావడానికి అవకాశం ఎక్కువ, అయినా ఊహతో సరిపెట్టుకోకుండా ఆర్‌ఎన్‌ఏ చేయించుకోండి. కొన్ని రక్తనిధులు న్యాట్ అనే పేరుతో ప్రతి యూనిట్‌కూ వైరస్ జన్యుపదార్థ పరీక్ష కూడా చేస్తాయి. మీ యూనిట్‌కు చేశారేమో అడిగి తెలుసుకోండి. తేలేవరకు మరెక్కడా రక్తం ఇవ్వవద్దు.

ప్రశ్న: మా వారికి రెండేళ్లుగా వారానికి మూడుసార్లు డయాలసిస్ జరుగుతోంది. ఆరు నెలలకొకసారి హెపటైటిస్ సి పరీక్ష ఎందుకు? ఒకసారి నెగెటివ్ వచ్చింది చాలదా? (అనంతపురం)

సమాధానం: చాలదు, దయచేసి ఆ పరీక్షను ఒక్కసారి కూడా తప్పించవద్దు. ఆయన రక్తం వారానికి మూడుసార్లు శరీరం బయటికి వచ్చి తిరిగి లోపలికి వెళుతోంది, అదే గదిలో పక్కపక్కనే మరికొందరి రక్తమూ అలాగే తిరుగుతోంది. కంటికి కనిపించనంత రక్తపు మరక ఒక పడక నుంచి మరొక పడకకు సిబ్బంది చేతుల మీదుగా చేరినా చాలు. ఆరు నెలలకొకసారి పరీక్ష చేయడం వల్ల కొత్తగా ఎవరికైనా సోకితే త్వరగా తెలుస్తుంది, ఆ కేంద్రంలో జాగ్రత్తలు ఎక్కడ సడలాయో వెతికి సరిచేయవచ్చు.

కిడ్నీ రోగులలో మరొక విశేషం ఉంది. వారి రోగనిరోధక శక్తి మందగించి ఉండడం వల్ల వైరస్ ఉన్నా యాంటీబాడీలు ఆలస్యంగా తయారుకావచ్చు, కొందరిలో పరీక్షకు అందనంత తక్కువగానూ ఉండవచ్చు. అందుచేత యాంటీబాడీ నెగెటివ్‌గా ఉన్నా, నెలనెలా చూసే ఎస్‌జీపీటీ (కాలేయం దెబ్బతింటే రక్తంలో పెరిగే ఎంజైము) కారణం లేకుండా పెరిగితే వెంటనే ఆర్‌ఎన్‌ఏ అడగాలి. వీలున్న కేంద్రాల్లో ఆరు నెలల పరీక్షనే ఆర్‌ఎన్‌ఏగా చేస్తారు, అది ఇంకా మేలు. చాలా చోట్ల పాజిటివ్ వచ్చినవారికి యంత్రాన్ని వేరు చేస్తారు. హెపటైటిస్ బికి అది అవసరమే గాని, హెపటైటిస్ సి వ్యాప్తిని ఆపేది ప్రధానంగా ప్రతి రోగికీ చేతి తొడుగులు మార్చడం, చేతులు కడగడం, కుర్చీని, యంత్రం పైభాగాన్ని తుడవడం, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే హెపారిన్ వంటి ఇంజెక్షన్లను రోగుల పడకల దగ్గర కాక వేరే శుభ్రమైన చోట సిద్ధం చేయడం. మీరు పక్కన కూర్చునే నాలుగు గంటల్లో ఇవి జరుగుతున్నాయో లేదో గమనించండి, జరగకపోతే మర్యాదగా, కానీ గట్టిగా అడగండి.

ప్రశ్న: అమెరికాలో ఉంటున్నాను, ఐదో నెల. నన్ను అడగకుండానే హెపటైటిస్ సి పరీక్ష కూడా చేశారు. నాకు ఏమైనా అనుమానం ఉందనా? (డాలస్)

సమాధానం: కాదమ్మా. 2020 నుంచి అక్కడ పెద్దలందరికీ జీవితంలో కనీసం ఒకసారి, గర్భిణులకు ప్రతి కాన్పులోనూ ఈ పరీక్ష చేయాలని సీడీసీ సూచిస్తోంది. ఎవరినీ అనుమానించి చేసేది కాదు. తల్లిలో వైరస్ ఉంటే బిడ్డకు సోకే అవకాశం నూటికి సుమారు 6. దానికోసం సిజేరియన్ అవసరం లేదు, చనుమొనలు పగిలి రక్తం కారుతున్నప్పుడు తప్ప పాలు ఇవ్వవచ్చు. తల్లి యాంటీబాడీలు బిడ్డ రక్తంలో నెలల తరబడి ఉంటాయి కనుక పసిబిడ్డకు యాంటీబాడీ పరీక్ష చేస్తే తప్పుదారి పట్టిస్తుంది. 2 నుంచి 6 నెలల మధ్య ఆర్‌ఎన్‌ఏ చేస్తారు, లేదా 18 నెలలు నిండాక యాంటీబాడీ చూస్తారు.

ప్రశ్న: మా నాన్నగారికి 1994లో లారీ ప్రమాదంలో మూడు సీసాల రక్తం ఎక్కించారు. ఇప్పుడు 62 ఏళ్లు. లివర్ టెస్టులు అన్నీ నార్మల్. ఆయనకు ఈ పరీక్ష అవసరమా? ఖర్చు ఎంత? (శ్రీకాకుళం)

సమాధానం: తప్పకుండా అవసరం. మన దేశంలో దానం చేసిన రక్తానికి హెపటైటిస్ సి పరీక్ష తప్పనిసరిగా మారింది ఆ ప్రమాదం జరిగిన కొన్నేళ్ల తరువాతనే. లివర్ టెస్టులు నార్మల్ అన్న మాట చూసి ఊరట చెందవద్దు. ఈ వైరస్ ఉన్నవారిలో చాలామందికి ఎస్‌జీపీటీ చాలా ఏళ్లు నార్మల్‌గానే ఉంటుంది, లోపల కాలేయం మచ్చలు కట్టి గట్టిపడుతూ ఉంటుంది. కాళ్లు వాచి, పొట్ట ఉబ్బి, రక్తపు వాంతి అయిన రోజున మొదటిసారి యాంటీబాడీ పరీక్ష చేసిన రోగులు మా ల్యాబు రిజిస్టరులో ఎందరో ఉన్నారు. ముప్పై ఏళ్లలో ఏ ఒక్క రోజున ఆ పరీక్ష చేసినా వారి కథ వేరుగా ఉండేది. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది.

పాత రోజుల్లో రక్తం ఎక్కించుకున్నవారు, డయాలసిస్, తలసీమియా, హీమోఫీలియా రోగులు, సూదులతో మత్తుమందులు తీసుకున్నవారు, హెచ్‌ఐవీ ఉన్నవారు, మరిగించి మళ్లీ వాడే గాజు సిరంజిల కాలంలో ఊళ్లో తరచుగా సూదులు వేయించుకున్నవారు, జాతరల్లో ఒకే సూదితో పచ్చబొట్టు పొడిపించుకున్నవారు ఒకసారి చేయించుకోవడం మంచిది. అమెరికా 1998లో ఇలా ముప్పు ఉన్నవారికే అనుకుంది. 2012లో 1945–1965 మధ్య పుట్టినవారందరికీ అంది, 2020లో పెద్దలందరికీ అంది. ముప్పు గురించి అడిగితే చాలామందికి గుర్తుండదు, గుర్తున్నా చెప్పుకోరు. అందుకే అడగకుండా అందరికీ చేయడమే నయమని అక్కడివారు అనుభవంతో తెలుసుకున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2022లో మన దేశంలో సుమారు 55 లక్షల మందికి హెపటైటిస్ సి ఉంది.

ఖర్చు గురించి బెంగ వద్దు. 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద ప్రభుత్వ చికిత్సా కేంద్రాల్లో యాంటీబాడీ పరీక్ష, వైరల్ లోడ్, మందులు అన్నీ ఉచితం. మీ జిల్లా ప్రభుత్వ ఆసుపత్రిలో ఆ కార్యక్రమం గురించి అడగండి. అమెరికాలో రోజుకు ఒకటి చొప్పున వేసుకునే ఒక్కొక్క మాత్ర వెయ్యి డాలర్లు పలికిన సోఫోస్‌బువిర్‌ను 2015లో హైదరాబాదుకు చెందిన నాట్కో మన దేశంలో మొదటగా జెనరిక్‌గా తెచ్చింది. ఆ తరువాత ధరలు ఎంతో దిగివచ్చాయి, ఉచిత చికిత్స సాధ్యమైంది. నాన్నగారికి పాజిటివ్ వస్తే, మందులు మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి పరీక్ష కూడా చేశారో లేదో చూసుకోండి. రెండూ కలిసి ఉన్నప్పుడు సి తగ్గుతుండగా బి విజృంభించే ప్రమాదం ఉంది.

ప్రశ్న: నా వైరల్ లోడ్ 8,40,000, మా తమ్ముడిది 62,000. నాకు జబ్బు ముదిరిందని అర్థమా? చికిత్స తరువాత వచ్చిన తమ్ముడి రిపోర్టులో ‘15 కంటే తక్కువ’ అని ఉంది, అంటే ఇంకా మిగిలి ఉన్నట్టేనా? (నిజామాబాద్)

సమాధానం: వైరల్ లోడ్ అంకె కాలేయం ఎంత దెబ్బతిన్నదో చెప్పదు. లక్షల్లో వైరస్ ఉండి కాలేయం మెత్తగానే ఉన్నవారు ఉంటారు, వేలల్లోనే ఉండి సిరోసిస్, అంటే కాలేయం మచ్చలు కట్టి గట్టిపడిన స్థితి, వచ్చినవారూ ఉంటారు. కాలేయం గట్టిదనాన్ని అంచనా వేయడానికి ఏప్రి అనే చిన్న లెక్క ఉంది. లివర్ టెస్టుల్లో కనిపించే ఎస్‌జీఓటీ అనే ఎంజైము విలువను ఆ ల్యాబు గరిష్ఠ నార్మల్ విలువతో భాగించి, వచ్చినదాన్ని వేలల్లో చెప్పిన ప్లేట్‌లెట్ల సంఖ్యతో భాగించి, వందతో హెచ్చించాలి. ఎస్‌జీఓటీ 80, నార్మల్ గరిష్ఠం 40, ప్లేట్‌లెట్లు 1,60,000 అయితే 2ను 160తో భాగించి 100తో హెచ్చిస్తే 1.25 వస్తుంది. 2 లేదా అంతకు మించితే సిరోసిస్‌ను అనుమానించి చికిత్సను ఆ ప్రకారం మారుస్తారు. మీ ఇద్దరి పాత రిపోర్టుల్లో ఈ మూడు అంకెలూ ఉండే ఉంటాయి, వాటితో డాక్టరును అడగండి.

ఇక ‘15 కంటే తక్కువ’. ఆ మాట పక్కన ఏమి రాశారో చూడండి. ‘నాట్ డిటెక్టెడ్’ అని ఉంటే వైరస్ కనిపించలేదు. ‘డిటెక్టెడ్’ అని ఉంటే లెక్కపెట్టడానికి వీలులేనంత స్వల్పంగా ఏదో కనిపించిందని అర్థం. మందులు వాడుతుండగా అలా రావడం సహజమే, మందులు ఆపిన 12 వారాల తరువాత వస్తే మాత్రం కొన్ని వారాలు ఆగి మరొకసారి నమూనా పంపాలి. తమ్ముడి రిపోర్టులో ఆ పదం అసలు లేకపోతే ల్యాబుకు ఫోన్ చేసి, ఏ అర్థంలో రాశారో రాతపూర్వకంగా తెప్పించుకోండి. దానిని మందుల చీటీతో పాటు భద్రపరచమని చెప్పండి.